ఆస్తమా ఉన్న పిల్లల కోసం ఇంట్లో ముందు ఏది మార్చాలి: ప్యూరిఫయరా, పరుపు కవరా, ఇంకోటా?

మావాడికి ఆస్తమా అని డాక్టర్ తేల్చి చెప్పిన వారంలోనే నేను చేసిన మొదటి పని ఎయిర్ ప్యూరిఫయర్ కొనడం, అదీ ఉన్నవాటిల్లో పెద్దది, లైట్ల రంగులు మారేది. రాత్రంతా అది ఆకుపచ్చ లైటు వేసుకుని కూర్చునేది, వీడు దగ్గుతూనే ఉండేవాడు. రెండు నెలలయ్యాక అలర్జీ టెస్ట్ చేయిస్తే తేలిందేంటంటే వాడికి పడనివి డస్ట్ మైట్స్, అంటే దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు, అవి ఉండేదేమో గాల్లో కాదు, వాడు మొహం పెట్టి పడుకునే దిండులో, పరుపులో. పక్క దులిపినప్పుడు ఆ దుమ్ము పైకి లేచినా అరగంటలోపు చాలావరకు మళ్లీ కిందికి దిగిపోతుంది, మెషిన్ లాక్కునేదాకా ఆగదు. నొప్పి ఒక చోట, మందు ఇంకో చోట అన్నమాట.

అందుకే ఇక్కడ ఏ వస్తువు మంచిది అని కాదు, మీ పిల్లాడికి ఏది పడదో దాన్నిబట్టి దేనికి ఖర్చు పెట్టొచ్చు, దేనికి అనవసరం అన్న లెక్కలో రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మందుల విషయం మీ డాక్టర్ చెప్పిందే ఫైనల్. ఇంట్లో ఎన్ని మార్పులు చేసినా రోజూ వాడమన్న ఇన్హేలర్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

ముందు టెస్టా, ముందు షాపింగా?

టెస్టే. అందులో రెండు రకాలున్నాయి. స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటే చేతి మీదో వీపు మీదో చుక్కలు పెట్టి చిన్నగా గుచ్చుతారు, 15, 20 నిమిషాల్లో దద్దురు లేస్తే తెలిసిపోతుంది, కాకపోతే అలర్జీ మాత్రలు వాడుతుంటే కొన్ని రోజుల ముందే ఆపాలి, ఎన్ని రోజులనేది డాక్టర్ చెప్తారు. రెండోది రక్త పరీక్ష, స్పెసిఫిక్ ఐజీఈ అంటారు, దీనికి మాత్రలు ఆపక్కర్లేదు, ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లలకి కూడా ఇదే సులువు, రిజల్ట్ కొంచెం లేటు. ఏది చేయించినా ఒకటి గుర్తుపెట్టుకోండి, టెస్ట్‌లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన దానివల్లే ఆయాసం వస్తోందని కాదు, అది ఎదురైనప్పుడు నిజంగా దగ్గు పెరుగుతోందా అని కూడా చూసుకోవాలి. కొంతమంది పిల్లలకి అసలు ఏ అలర్జీ ఉండదు, జలుబు చేస్తే చాలు పిల్లికూతలు మొదలవుతాయి, నిజానికి పిల్లల్లో ఆస్తమా ఎక్కువ కావడానికి జలుబు వైరస్‌లే అన్నిటికంటే పెద్ద కారణం. అలాంటివాళ్లకి పరుపు కవర్లు కొనడం దండగ.

ఇది నా సొంత తెలివి కాదు. 2020లో అమెరికాలో సవరించిన ఆస్తమా గైడ్‌లైన్స్‌లో కూడా ఇదే ఉంది, దేనికీ అలర్జీ లేని పిల్లల కోసం ఇంట్లో అలర్జీ వస్తువులు తగ్గించే ఏర్పాట్లు అక్కర్లేదని, అలర్జీ ఉన్నవాళ్లకి కూడా ఏదో ఒక్కటి చేసి ఊరుకుంటే లాభం లేదని, కొన్ని కలిపి చేస్తేనే పనిచేస్తుందని. బొద్దింకలు, ఎలుకలు వదిలించుకోవడం ఒక్కటే ఇందులో మినహాయింపు, అది ఒంటరిగా చేసినా ఉపయోగమే అన్నారు.

ఈ "కలిపి చేయడం" వెనక మంచి స్టడీ ఉంది. 2004లో వచ్చింది, అమెరికాలో ఏడు నగరాల్లో 937 మంది పిల్లల మీద చేశారు, ఏ పిల్లాడికి ఏది పడదో చూసి వాళ్లింట్లో దాన్నే తగ్గించారు, పరుపు కవర్లు, మంచి వాక్యూమ్, అవసరమైనచోట ప్యూరిఫయర్, బొద్దింకల మందు, ఇంట్లోవాళ్లకి నేర్పించడం, ఇలా. ఆ ఏడాది ఈ పిల్లలకి ప్రతి 2 వారాల్లో సగటున 3.39 రోజులు ఆయాసం లక్షణాలుంటే మామూలుగా వదిలేసిన పిల్లలకి 4.20 రోజులున్నాయి. వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది కానీ ఏడాదికి లెక్కేస్తే దాదాపు 3 వారాలు, పిల్లాడు హాయిగా నిద్రపోయిన 3 వారాలు.

పరుపు కవరా, కొత్త పరుపా, స్ప్రేనా?

మైట్స్ అలర్జీ ఉంటే ఇక్కడే మొదలుపెట్టండి, పిల్లలు రోజులో 9, 10 గంటలు గడిపేది ఈ మంచం మీదే. కొత్త పరుపు కొంటే తీరిపోతుందనుకుంటారు, తీరదు, మన ఒంటిమీంచి రాలే చర్మం పొట్టే వాటికి తిండి కాబట్టి కొన్ని నెలల్లో అందులోకీ చేరిపోతాయి. పాత పరుపు బాగానే ఉంటే దానికే ఆరువైపులా మూసేసే జిప్ కవర్ వేయండి. పైన పరిచే ప్యాడ్, ఎలాస్టిక్ షీట్ లాంటివి వేరు, మైట్స్‌కి పనికొచ్చేది మొత్తం మూసేదే. కొనేటప్పుడు చూడాల్సింది బట్ట నేతలో రంధ్రం సైజు, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కంటే తక్కువ ఉండాలి, పిల్లి అలర్జీ కూడా ఉంటే 6 లోపు చూసుకోండి. రెక్సిన్ లాంటి ప్లాస్టిక్ కవర్లు కూడా ఆపుతాయి, చవక కూడా, కానీ చెమట, శబ్దం, నాలుగు నెలలకి చిరగడం, పైగా పిల్లలు దాని మీద పడుకోరు. ఒత్తుగా నేసిన బట్ట కవరే నా ఓటు.

కవర్ల మీద రెండు రకాల మాటలు వినిపిస్తాయి, రెండూ నిజమే. 2003లో 1,122 మంది పెద్దవాళ్ల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో కవర్ల వల్ల ఏ లాభం కనిపించలేదు, దాంతో చాలామంది డాక్టర్లు వాటిని పక్కన పెట్టేశారు. తర్వాత 2017లో ఇంగ్లండ్‌లో, ఆస్తమా ఎక్కువై ఆసుపత్రికి వచ్చిన, మైట్స్ పడని 284 మంది పిల్లల మీద చేశారు, సగం మందికి అసలు కవర్లు, సగం మందికి ఉత్తుత్తి కవర్లు ఇచ్చారు. ఏడాదిలో మళ్లీ ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది అసలు కవర్లవాళ్లలో 29.3 శాతం, రెండోవాళ్లలో 41.5 శాతం. అంటే పెద్దాళ్ల సంగతి ఎలా ఉన్నా, మైట్స్ టెస్ట్ పాజిటివ్ వచ్చి ఆసుపత్రిదాకా వెళ్లొచ్చిన పిల్లాడైతే కవర్లు కొనొచ్చు. మీ పిల్లాడు ఆ గుంపులో లేకపోతే అంత తొందరేం లేదు.

దిండు విషయంలో అందరూ ఈకల దిండు మానేసి సింథటిక్ కొనమంటారు కదా, 1990ల్లో కొలిచి చూస్తే సింథటిక్ దిండ్లలోనే మైట్ అలర్జెన్, అంటే అలర్జీ తెప్పించే పదార్థం, ఎక్కువ ఉంది. ఈకలు బయటికి రాకుండా గుడ్డ ఒత్తుగా నేస్తారు కాబట్టి మైట్స్ లోపలికి పోలేకపోవడమే కారణమని ఒక అంచనా. కాబట్టి దిండు లోపల ఏముందన్నదాని కంటే దాని మీద కవర్ ఉందా లేదా అన్నదే చూడండి.

దుప్పట్లు, గలీబులు వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకాలి. వేడినీళ్లు కుదరకపోతే చల్లనీళ్లలో ఉతికినా అలర్జీ చేసే పదార్థం చాలావరకు కొట్టుకుపోతుంది, మైట్స్ మాత్రం చావవు, తర్వాత డ్రయర్లో ఎక్కువ వేడి మీద తిప్పితే చస్తాయి. బొమ్మలు వేడినీళ్లు ఓర్చుకోవు కదా, వాటిని కవర్లో చుట్టి ఒకరోజు డీప్ ఫ్రీజర్లో పెట్టి తర్వాత ఉతకండి, ఫ్రీజర్ చంపుతుంది అంతే, చచ్చినవాటి చెత్త ఉతికితేనే పోతుంది. నిజానికి 15 టెడ్డీలు శుభ్రం చేసే కంటే 2 ఉంచి మిగతావి మంచం మీంచి తీసేయడం తేలిక, ఏ రెండు ఉండాలో వాణ్ణే తేల్చుకోనిస్తే గొడవ ఉండదు, మా ఇంట్లో ఆ మీటింగ్ గంటసేపు జరిగింది. పరుపు మీద కొట్టే మైట్ స్ప్రేలకైతే డబ్బు పెట్టకండి, పిల్లల ఆరోగ్యంలో తేడా వచ్చిందనేదానికి గట్టి ఆధారం లేదు, పైగా ఇంకో కెమికల్.

మరి ప్యూరిఫయర్ ఎవరికి?

పిల్లి, కుక్క పడనివాళ్లకి, బయట పొగ, పుప్పొడి ఎక్కువుండే చోట ఉన్నవాళ్లకి. పిల్లి అలర్జెన్ మైట్స్ దానిలా కాదు, చాలా చిన్నది, గంటలకొద్దీ గాల్లోనే తేలుతుంది, కాబట్టి అక్కడ ఫిల్టర్‌కి పని ఉంటుంది. కొనాలనుకుంటే అసలు హెపా ఫిల్టర్ ఉన్నది కొనండి, అది 0.3 మైక్రాన్ల సైజు కణాల్ని 99.97 శాతం ఆపుతుంది, "హెపా టైప్", "హెపా లాంటిది" అని రాసినవాటికి అలాంటి గ్యారంటీ ఏమీ ఉండదు. అయొనైజర్, ప్లాస్మా, ఓజోన్ అని పెద్ద పెద్ద మాటలు రాసుంటే దూరంగా పెట్టండి, ఓజోన్ ఊపిరితిత్తుల్ని మండించే వాయువు, ఆస్తమా పిల్లాడి గదిలో దాన్ని తయారుచేసే మెషిన్ పెట్టడమేంటి. అయొనైజర్ ఆఫ్ చేసుకునే బటన్ ఉంటే పర్లేదు.

సైజుకి లెక్క ఇది: గది ఎన్ని చదరపు అడుగులో అందులో మూడింట రెండు వంతులు కనీసం సీఏడీఆర్ (మెషిన్ ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే నంబర్) ఉండాలి, అంటే 120 చదరపు అడుగుల గదికి 80 సీఎఫ్ఎం, నిమిషానికి 80 ఘనపు అడుగులు. గంటకి ఘనపు మీటర్లలో రాసుంటే దాన్ని 1.7 తో భాగించి చూసుకోండి, 80 సీఎఫ్ఎం అంటే అక్కడ 136. ఇది 8 అడుగుల సీలింగ్‌కి, ఎత్తు ఎక్కువైతే ఇంకొంచెం పెద్దది కావాలి. డబ్బా మీద రాసిన నంబర్ ఫుల్ స్పీడ్‌ది, ఆ శబ్దానికి ఎవరూ నిద్రపోలేరు, రాత్రి తగ్గించి పెడతారు, కాబట్టి లెక్కకంటే ఒక సైజు పెద్దది కొని మీడియంలో నడపడం మంచిది. ఫిల్టర్ మార్చే ఖర్చు కూడా కలుపుకోండి, మూడేళ్లకి చూస్తే చవక మెషిన్ ఖరీదు ఫిల్టర్ కంటే ఖరీదు మెషిన్ చవక ఫిల్టరే నయమనిపించొచ్చు.

ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతూ ప్యూరిఫయర్ కొందామనుకుంటే అది చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే. హెపా కణాల్ని పడుతుంది, గ్యాసుల్ని కాదు. కిటికీ తీసి తాగడం, వంటగదిలో తాగడం, ఫ్యాన్ వేసి తాగడం, ఏదీ సరిపోదు, పొగలో ఇంతవరకు పర్లేదు అనే లెవెల్ లేదని అమెరికా ప్రభుత్వ ప్రధాన ఆరోగ్య అధికారి (సర్జన్ జనరల్) రిపోర్ట్ 2006లోనే తేల్చేసింది. ఇల్లు, కారు, రెండింట్లోనూ వద్దు, ఈ-సిగరెట్ కూడా. ఈ వ్యాసంలో పైసా ఖర్చు లేకుండా అన్నిటికంటే ఎక్కువ లాభమిచ్చేది ఇదే, ఇంట్లో పెద్దవాళ్లతో ఈ మాట ఎత్తడమే అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. దోమల కాయిల్, కొవ్వొత్తులు, సువాసన కోసం వెలిగించేవి కూడా పొగే, వాసన బాగున్నంత మాత్రాన ఊపిరితిత్తులకి తేడా తెలీదు. దోమలకి కాయిల్ కంటే తెర నయం, తెరని కూడా ఉతుకుతూ ఉండండి.

తేమ: పెంచాలా, తగ్గించాలా?

దగ్గుతున్నాడని చాలామంది హ్యుమిడిఫయర్ కొంటారు, మైట్స్ పడని పిల్లాడికి ఇది ఎదురు వైద్యం. మైట్స్ నీళ్లు తాగవు, గాల్లో తేమనే పీల్చుకుని బతుకుతాయి, తేమ 50 శాతం కంటే కింద ఎక్కువ రోజులుంటే ఎండిపోతాయి, పైన ఉంటే పండగే. బూజుకీ అంతే. అందుకని ముందు కొనాల్సింది హ్యుమిడిఫయరూ కాదు, డీహ్యుమిడిఫయరూ కాదు, తేమ చూపించే చిన్న మీటర్, హైగ్రోమీటర్ అంటారు, అన్నిట్లో చవకైనది అదే, వారం రోజులు పొద్దున రాత్రి రాసుకోండి. 30 నుంచి 50 మధ్య ఉంటే దేనికీ ఖర్చు పెట్టకండి. 60, 70 చూపిస్తుంటే ముందు బాత్రూమ్ ఎగ్జాస్ట్, గదిలో బట్టలారేయడం మానడం, కారే పైపు బాగుచేయడం, ఇవయ్యాకే డీహ్యుమిడిఫయర్. ఏసీ కూడా తేమ లాగుతుంది, ఫిల్టర్ కడుగుతూ ఉంటేనే లెండి. నీళ్ల కూలర్ మాత్రం తేమని ఇంకా పెంచుతుంది.

గోడ మీద బూజుకి పెయింట్ వేస్తారు, కొన్నాళ్లకి అది పెయింట్‌ని కూడా తినుకుంటూ బయటికొస్తుంది. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపకుండా ఏం చేసినా వృథా. ఏదైనా తడిస్తే 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టేయండి, ఆ గడువు దాటితే బూజు మొదలు. చిన్న మచ్చైతే సబ్బునీళ్లతో తోమి ఆరబెట్టడం చాలు, చేసేవాళ్లు మాస్క్ వేసుకోవాలి, పిల్లాడు ఇంట్లో లేనప్పుడు చేయాలి. బ్లీచ్ వాడితే ఆ ఘాటుకే దగ్గు వస్తుంది, అమోనియా ఉన్నవాటితోనూ యాసిడ్‌తోనూ అస్సలు కలపకూడదు, విషవాయువు వస్తుంది.

బొద్దింకలు: స్ప్రేనా, జెల్లా?

జెల్. ఇంకో మాట లేదు. స్ప్రే కొడితే కనిపించినవి చస్తాయి, మిగతావి గోడ సందుల్లోకి పోతాయి, పిల్లాడేమో ఆ మందు పీలుస్తాడు, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. ఇల్లంతా పొగలా నింపే ఫాగర్లు ఇంకా దారుణం. జెల్ బెయిట్ సింకు కింద, ఫ్రిజ్ వెనక, పిల్లల చెయ్యి అందని సందుల్లో చుక్కలుగా పెడితే అవే వచ్చి తిని గూట్లోకి వెళ్లి చస్తాయి. జెల్ పెట్టినచోట స్ప్రే కొట్టొద్దు, ఆ వాసనకి జెల్ తినవు. 2017లో న్యూ ఆర్లియన్స్‌లో చేసిన స్టడీలో ఒక్క ఈ బెయిట్‌తోనే ఏడాదిలో పిల్లల ఆస్తమా లక్షణాలు తగ్గాయి. బొద్దింకలు పోయాక కూడా వాటి చెత్త, పొట్టు వల్ల అలర్జీ వస్తుంది కాబట్టి అల్మరాల వెనక తడిగుడ్డతో తుడవడం మర్చిపోకండి.

పెంపుడు జంతువులు

టెస్ట్‌లో పిల్లి అని వచ్చి, పిల్లిని చూడగానే పిల్లికూతలు వస్తుంటే (తెలుగులో ఈ పదం ఎవరు పెట్టారో గానీ) దానికి ఇంకో ఇల్లు చూడటమే అసలు మందు, చెప్పడం తేలికే. పంపించిన రోజునుంచే తగ్గుతుందనుకోకండి, సోఫాల్లో, కార్పెట్లలో ఉన్నది తగ్గడానికి నెలలు పడుతుంది, 4 నుంచి 6 నెలలు మామూలే. పంపలేకపోతే పడగ్గదిలోకి రానివ్వకుండా తలుపేసి, ఆ గదిలో హెపా పెట్టడం రెండో దారి, సగం దారే అనుకోండి. "అలర్జీ రాని జాతి" అని అమ్మేవి నమ్మకండి.

నేల, చీపురు, వాక్యూమ్

కార్పెట్ తీసేయగలిగితే తీసేయండి, అద్దె ఇల్లై కుదరకపోతే హెపా ఉన్న వాక్యూమ్ కొనండి. మామూలు వాక్యూమ్ ముందునుంచి దుమ్ము లాగి వెనకనుంచి సన్నది వదుల్తుంది. గచ్చు, టైల్స్ ఉన్నవాళ్లకి వాక్యూమ్ అవసరమే లేదు, తడిగుడ్డ చాలు, పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము జాగా మారుతుంది అంతే. ఏది చేసినా పిల్లాడు ఆ గదిలో ఉండకూడదు, అయ్యాక కూడా అరగంట ఆగాలి. క్లీనింగ్ లిక్విడ్‌ని సీసాతో స్ప్రే చేసే బదులు గుడ్డ మీద పోసుకుని తుడవండి, యూరప్‌లో 2007లో వచ్చిన పెద్ద సర్వేలో వారానికోసారైనా క్లీనింగ్ స్ప్రేలు వాడే పెద్దవాళ్లలో ఆస్తమా లక్షణాలు ఎక్కువ కనిపించాయి.

వంటగది

గ్యాస్ స్టవ్ మంట నైట్రోజన్ డయాక్సైడ్ వదుల్తుంది, అది కంటికి కనపడదు, వాసనా తెలీదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో కొన్ని ఇళ్లలో గ్యాస్ తీసి ఎలక్ట్రిక్ స్టవ్ పెడితే 3 నెలల్లో వంటగదిలో అది 51 శాతం తగ్గింది, స్టవ్ అలాగే ఉంచి కార్బన్ కూడా ఉన్న హెపా ప్యూరిఫయర్ పెడితే వంటగదిలో 20 శాతమే. స్టవ్ మార్చడం అందరి వల్లా అవదు, చిమ్నీ పెట్టుకుంటే మాత్రం పైపు బయటికి వెళ్లేదే తీసుకోండి, లోపలి గాలినే ఫిల్టర్ చేసి మళ్లీ లోపలికే వదిలేది నూనె జిడ్డుకి తప్ప ఈ గ్యాసుకి పనికిరాదు. వెనక బర్నర్ మీద వండితే చిమ్నీ ఎక్కువ లాగుతుంది. ఏదీ లేకపోతే వండినంతసేపూ కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ వేయడం, పిల్లల్ని అక్కడ హోంవర్క్‌కి కూర్చోబెట్టకపోవడం.

నెబ్యులైజరా, స్పేసరా?

ఇది ఇంటి శుభ్రతలోకి రాదు కానీ అందరూ అడిగేది ఇదే. నెబ్యులైజర్ అంటే మందుని సన్నని తుంపరగా చేసి పీల్పించే మెషిన్, అది శబ్దం చేస్తూ పొగ వస్తుంటే బాగా పనిచేస్తోందనిపిస్తుంది, కానీ ఒక మోస్తరు ఎటాక్‌లో స్పేసర్ (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం) పెట్టి ఇచ్చిన ఇన్హేలర్ నెబ్యులైజర్‌కి ఏమాత్రం తీసిపోదు, స్పేసర్‌కి కరెంట్ అక్కర్లేదు, బ్యాగులో పడుతుంది, నిమిషాల్లో అయిపోతుంది. చిన్నపిల్లలకి మాస్క్ ఉన్నది, మూతితో గట్టిగా పట్టుకోగలిగిన వయసొచ్చాక మౌత్‌పీస్ ఉన్నది. ప్లాస్టిక్ స్పేసర్‌ని సబ్బునీళ్లలో ముంచి తీసి గాలికి ఆరనివ్వాలి, గుడ్డతో తుడిస్తే స్టాటిక్ వచ్చి మందు గోడలకే అతుక్కుంటుంది, ఇది నాకు మూడేళ్లదాకా ఎవరూ చెప్పలేదు.

రిలీవర్ ఇన్హేలర్ని, అంటే ఆయాసం వచ్చినప్పుడు వెంటనే వాడేదాన్ని, ఊపి చూసి ఇంకా ఉందనుకోవద్దు, మందు అయిపోయాక కూడా లోపల గ్యాస్ కదులుతూనే ఉంటుంది. చాలావాటిల్లో 200 పఫ్‌లుంటాయి, కౌంటర్ లేకపోతే వాడినప్పుడల్లా డబ్బా మీద గీత పెట్టుకోండి. డాక్టర్ దగ్గర యాక్షన్ ప్లాన్, అంటే ఆయాసం పెరిగితే ఏం చేయాలనేది, కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ మీద అంటించండి, ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే ప్రతివాళ్లకీ అర్థమయ్యే భాషలో. డొక్కలు ఎగరేస్తున్నా, ఒక వాక్యం ఊపిరాడక పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, రిలీవర్ ఇచ్చిన 4 గంటల్లోపే మళ్లీ ఆయాసం వస్తున్నా, ఇక ప్లాన్ చదువుతూ కూర్చోకండి, రిలీవర్ ఇస్తూనే ఆసుపత్రికి బయల్దేరండి.

డబ్బు ఒక్కసారే పెట్టలేమంటే మా ఇంట్లో ఇప్పుడు చేస్తే ఈ వరసలో చేస్తా: పొగ ఆపడం, టెస్ట్, స్పేసర్, తేమ మీటర్, దిండు పరుపు కవర్లు, వేడినీళ్ల ఉతుకు. ఇవన్నీ అయ్యాక కూడా దగ్గు ఉంటే అప్పుడు మెషిన్ల గురించి ఆలోచిస్తా. ఆ పెద్ద ప్యూరిఫయర్ ఇప్పుడు హాల్లో ఉంది, మావాడు దాని మీద బ్యాగ్ పెడుతున్నాడు.